గాలి తగలని గాయం

మా ఉంగుటూరు వైపు ఊళ్ళకు టీకాల పెట్టె భుజాన వేసుకుని వచ్చే నర్సమ్మ ముఖం కన్నా ఆవిడ పాపిట నాకు బాగా గుర్తు. ఎవరింటికి వచ్చినా తల వంచి ముందుగా వాళ్ళ కాళ్ళు చూసేది.

నాట్ల రోజుల్లో చేలో తుప్పు మేకు నా అరికాల్లో దిగింది. పసుపూ సున్నం మెత్తి, పాత చీర పేలికతో గాలి చొరకుండా బిగించి కట్టాను. మర్నాడు ఆవిడ గుమ్మంలోనే పట్టేసింది.

"నెత్తురు చుక్కైనా రాలేదు, దీనికి సూదెందుకండీ? అవతల చేలో మనుషులు నాకోసం ఎదురుచూస్తుంటారు," అన్నాను.

"రాలేదనే నా భయం, మామ్మగారూ. మట్టిలో, పేడలో ఉండే ధనుర్వాతం పురుగుకి గాలి గిట్టదండి. మీరు దానికి తలుపులేసి మరీ కూర్చోబెట్టారు. రేపు దవడలు బిగుసుకుంటే నన్ను తిట్టడానికైనా నోరు తెరుచుకోదు. టీకా ఎప్పుడు వేయించుకున్నారు?"

"నా పురుళ్ళప్పుడు. జరగండి, దారివ్వండి."

ఆవిడ గడప మీద అడ్డంగా కూర్చుంది. గడప మీద కూర్చోకూడదని కసిరాను. "సూది పడ్డాక లేస్తానండి," అంది.

చివరికి కాలు చాపాను. గాయం శుభ్రంగా కడిగి, సూది వేసి, డాక్టరుకు చూపించుకుంటానని నాచేత మాట తీసుకుంది. ఉతికి దాచుకుందామనుకున్న పేలికను పొయ్యిలో పడేసింది. ఆ పేలిక మీద బెంగ నాకు నాలుగు రోజులుంది.

తరవాత ఆవిడకు బదిలీ అయింది. ఇప్పుడు మా చేలో నాట్లేసే ఆడవాళ్ళు గట్టెక్కగానే అరికాళ్ళు చూపించమంటాను. "మామ్మగారికి చాదస్తం," అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. చూపించేదాకా టీ పొయ్యను.