మొదటి టిష్యూ ప్యాకెట్టు ఎవరిది?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు పాసిర్ రిస్ మైదానంలో, జట్టంతా వింటుండగా నేనొక మాట అన్నాను. "ఆ ప్యాకెట్టు పద్మది కాదు. రత్నం ఆంటీది."

మా చెల్లెలు పద్మ బంతి విసరడానికి చెయ్యి ఎత్తి ఉంది. కోయెల్స్ జట్టును మొదలుపెట్టింది తనే కాబట్టి ఏటా సీజన్ తొలి బంతి తనే విసురుతుంది. ఎత్తిన చెయ్యి దించేసింది.

నేను విశాఖ నుంచి శుక్రవారం తెల్లవారేసరికి చాంగీ విమానాశ్రయంలో దిగాను. టాక్సీలో ఇరవై నిమిషాలకు పుంగ్గోల్ చేరాను. పద్మ ఫ్లాటు పన్నెండో అంతస్తు, వంటింటి కిటికీ తెరిస్తే నీళ్లు. జట్టు పదేళ్ల సంచికకు చరిత్ర రాసిపెట్టమని పిలిచింది. ముప్ఫై ఏళ్లు పత్రికలో ఆటల పేజీ చూశాను కదా, నాకదో పనా అనుకున్నాను.

వాళ్లు ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్‌లోనే ఒక రకం. కోలబంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. కిందపడేయడాలు ఉండవు. నడుముకు రెండు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి, అవతలివాళ్లు ఒకటి లాగేస్తే పరుగు ఆగిపోయినట్టే. విజయనగరంలో కాలేజీ రోజుల్లో కబడ్డీ కూతకు వెళ్లేదాన్ని నేను. పదేళ్ల పద్మ కోర్టు గీత బయట నా చెప్పులు పట్టుకుని కూర్చునేది. ఉద్యోగం వచ్చాక ఆట మానేసి ఇతరుల ఆటల గురించి రాస్తూ వచ్చాను. ఇప్పుడు నలభై ఏడేళ్ల పద్మ ఫ్లాటులో గోడ నిండా పతకాలు. కాఫీ తాగుతూ లెక్కపెట్టాను. రెండోసారి కూడా లెక్కపెట్టాను.

శనివారం ఏడింటికి, ఎండ ఎక్కకముందే, పుంగ్గోల్ నీటి ఒడ్డుకు నడిచాం. ఫ్లాట్ల నుంచి పావుగంట. అక్కడి బెంచీ చూపించి పద్మ చెప్పింది. "పదేళ్ల కిందట నలుగురం ఆడవాళ్లం. ఒడ్డున ఎక్కడ కలవాలో కూడా అనుకోలేదక్కా. నేను ముందొచ్చి ఈ బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, నీళ్లు కొనడానికి వెళ్లాను. ప్యాకెట్ చూసి మిగతావాళ్లు ఇక్కడే ఆగారు. అదీ మా జట్టు పుట్టుక."

ఈ ఊళ్లో హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ల చోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఒకరిదని అర్థం, దాన్నే చోప్ చేయడం అంటారు. ఎవరూ ముట్టుకోరు. భోజనానికి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, నేను మొదటిరోజే ఒకరి చోట్లో కూర్చుని చివాట్లు తిన్నాను.

పదింటికి పద్మ ఇంటికెళ్లింది. నేను జట్టుకు స్కోరు రాసే రత్నం ఆంటీతో కాఫీకి కూర్చున్నాను. డెబ్భై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి ఆవిడ తాత ఓడలో వచ్చారట. కాయ రాసిన రొట్టె, అంటే కొబ్బరిపాల జామ్ రొట్టె, నా వైపు జరిపి నవ్వింది.

"ఆ ప్యాకెట్టు నాదేనమ్మాయ్, బెతుల్, నిజం. నడక అయినాక మకాన్‌కి, తినడానికి పోతా, మా వాకింగ్ వాళ్లకి చోటు పోకుండా పెట్టినాను. తిరిగొచ్చేసరికి ఈ పిల్లలు బంతితో గంతులేస్తా ఉన్నారు. సరే, ఆడుకోనీలే అనుకొని స్కోరు రాయడానికి కూర్చున్నా."

"పద్మకు చెప్పలేదా?"

"ఎందుకు లా?" మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ల అలవాటు. "సంతోషంగా ఉంది కదా. నువ్వూ రాయొద్దు."

ఒకరు చెప్పింది రెండోవారిని అడగకుండా అచ్చుకు పంపకూడదు. కొత్తగా చేరిన విలేకరులందరికీ నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. సాయంత్రమంతా పద్మ నా పక్కనే బీన్స్ తరుగుతూ కూర్చుంది. అడగలేదు. అడిగితే తన దగ్గర జవాబు ఉంటుందేమోనని భయం.

ఆదివారం ఏడున్నరకు బస్సెక్కాం, అరగంటలో పాసిర్ రిస్. మైదానంలో నీడ లేదు, టోపీ తప్పనిసరి. జట్టువాళ్లు పద్మ చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అప్పుడన్నాను ఆ మాట.

చప్పట్లు ఆగాయి. పద్మ కూతురు నా మోచెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, వై యూ సే లైక్ దట్? సో మీన్ లా!"

రత్నం ఆంటీ నా వైపు చూడలేదు. "ఒకటే ప్యాకెట్టు చూసినాను నేను. అది నాది" అని గొణిగింది.

"రెండున్నాయి ఆంటీ. నాది బెంచీ ఆ చివర పెట్టాను" అంది పద్మ. తర్వాత నాతో, "రాత్రంతా ఇంట్లోనే ఉన్నాను కదక్కా. నన్నెందుకు అడగలేదు?" అంది.

బంతిని రెఫరీ చేతికిచ్చేసింది. తొలి బంతి విసరకుండానే విజిల్ ఊదారు. రెండో సగంలో పద్మ ఇద్దరు ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య నుంచి నడుము తిప్పి దూసుకుపోయింది, పట్టీ వాళ్ల వేళ్లకు అందలేదు. ఆ నడుము తిప్పడం కూతకు వెళ్లినప్పుడు నాది. గీత బయట కూర్చుని నేర్చుకుందన్నమాట. సిగ్గుపడాల్సిన ఆ పూట కూడా నాకు కలిగింది అసూయే. కోయెల్స్ గెలిచారు. ఫొటోకు నన్నెవరూ పిలవలేదు.

సోమవారం తిరుగు ప్రయాణం. పద్మ పులిహోర కట్టిచ్చింది. టాక్సీలో సామాను బరువు గురించి తప్ప మాట్లాడలేదు. దిగేటప్పుడు "బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టుకున్నావా?" అంది. క్షమించమనే మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఒకరి చోటును ఇంత జాగ్రత్తగా కాపాడే ఊరు నేను మరొకటి చూడలేదు. అలాంటి ఊళ్లో మా చెల్లెలి చోటు తీసేసి వచ్చాను.

విశాఖ వచ్చాక, జట్టు పుట్టిన రోజు బెంచీ దగ్గరికొచ్చిన మిగతా ముగ్గురికీ ఉత్తరాలు రాశాను. ఒకామె గుర్తులేదంది. ఇంకొకామె రెండు ప్యాకెట్లు ఉండొచ్చంది, ఒట్టేసి మాత్రం చెప్పలేనంది. మూడో ఆమె జవాబివ్వలేదు. వచ్చే సీజన్ తొలి బంతి ఎవరు విసరాలో జట్టు ఇంకా తేల్చలేదు.