జమ్మలమడుగులో జేజి మాటలు

మొన్న ప్రొద్దుటూరు సినిమా హాల్లో మా మేనత్త తెరమీద కోడలిని తిడుతుంటే జనమంతా నవ్వారు. నాకు జమ్మలమడుగులో ఆమె ఆడిన నాటకం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. నాటకం రాసిందీ, అందులో ముసలమ్మ వేషం కట్టిందీ అత్తే. "ఇదే కడసారి. మళ్లా స్టేజీ ఎక్కితే నా గడప తొక్కాకు" అని వాళ్లమ్మ, అంటే మా జేజి, ముందే చెప్పింది. అయినా నా చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

అత్త స్టేజీ మీదికి వచ్చి, "నీ నోట్లో మన్ను పడ, యాడ తిరుగుతాండావే?" అని అరిచింది. అవి జేజి తిట్లే! అత్త వాటిని దొంగిలించిందనుకున్నాను.

"జేజీ, అవి నీ మాటలు!" అన్నాను భయంగా.

"గమ్మునుండు, విననీ" అంది జేజి.

నాటకం అయ్యాక అత్త ముఖాన రంగుతోనే వచ్చి, "ఎట్లుందిమా?" అని అడిగింది.

"తిట్టేటప్పుడు నేను నడుం మీద చెయ్యి పెట్టుకుంటా. నువ్వు పెట్టలేదు. రేపు పులివెందులలో మర్చిపోవాకు."

తప్పులు పట్టిందని నేను బాధపడ్డాను. అది ఒప్పుకోవడమని పెద్దయ్యాక తెలిసింది. అత్తకు అప్పుడే తెలిసిపోయింది. మరునాడు పులివెందుల బస్సులో జేజిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.