బావి గిలక

మా మావయ్యకు పుస్తకాలంటే ప్రాణం. మనుషులంటే అంత కాదు. గుడివాడలో కాలేజీ లెక్చరరుగా రిటైరై, తొంభైల మొదట్లో దివిసీమలోని మా ఊరికి వచ్చేసినప్పుడు ఆయన వెంట లారీలో రెండు గాజు బీరువాలు దిగాయి. ఒకదాని నిండా వైద్యశాస్త్రం సాధించిన విజయాల చరిత్రలు. మశూచికి టీకా ఎలా వచ్చింది, మత్తుమందు ఎవరు కనిపెట్టారు, అలాంటివి. రెండోదాని నిండా అంతర్యుద్ధాలు, ఎక్కువగా అమెరికావాళ్ళవి. అన్నీ ఇంగ్లీషువే. తెలుగులో చరిత్ర రాయగలవాడు ఇంకా పుట్టలేదని ఆయన అభిప్రాయం. పోనీ ఆయనేమైనా రాశారా అంటే అదీ లేదు.

వచ్చిన రెండేళ్ళకే కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఆపరేషన్ చేయించుకోమంటే వినలేదు. శస్త్రచికిత్స చరిత్ర మూడు సంపుటాలు కొని దాచుకున్న మనిషికి కంటి దగ్గరికి కత్తి వస్తుందంటే వణుకు. దాంతో చదివిపెట్టే పని నా మీద పడింది. నేను ఆయన మేనల్లుణ్ణి. పక్కిల్లే మాది. నాన్న పోయాక అమ్మ తన అన్నగారి నీడన ఇల్లు నెట్టుకొస్తోంది. నేను చరిత్రలో ఎమ్మే చేసి, ఉద్యోగం లేక, మధ్యాహ్నాలు ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి.

యుద్ధం అధ్యాయమైతే మంచం మీద దుప్పటి సర్ది సైన్యాలను మోహరించేవారు. ఉత్తరాదివాళ్ళకు గవ్వలు, దక్షిణాదివాళ్ళకు చింతపిక్కలు. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా చేత్తో తడిమి వరసలు కట్టేవారు. వేగులవాడు తెచ్చిన కబురు వినకుండా సైన్యాన్ని ముందుకు తోలిన సేనాపతి మీద ఆయనకు మహా కోపం. కింది మనిషి చెప్పాడని కదా వినలేదు, వెధవ, అని పళ్ళు కొరికేవారు. ఆ చేత్తోనే గుప్పెడు చింతపిక్కలు మంచం కిందికి తోసేసేవారు. వాటిని ఏరి మళ్ళీ డబ్బాలో పోయడం నా వంతు. మొవ్వ నుంచి పొలం కౌలు సంగతి మాట్లాడడానికి వచ్చిన రైతులు కూడా ఒక యుద్ధం పూర్తిగా వింటేగాని లేచేందుకు వీల్లేదు. పాపం, కండువాలతో మొహం తుడుచుకుంటూ తలూపేవాళ్ళు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది కలరా అధ్యాయం. నూట యాభై ఏళ్ళ కిందట లండన్‌లో ఒక పేటలో జనం పిట్టల్లా రాలిపోతుంటే, జబ్బు చెడుగాలి వల్ల వస్తోందని పెద్దలంతా తేల్చేశారు. ఒక డాక్టరు మాత్రం ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఒకే పంపు నీళ్ళు తాగారని పట్టుకున్నాడు. ఆ పంపు పిడి తీయించేదాకా ఊరుకోలేదు. అక్కడికి రాగానే నన్ను ఆపమని, లేచి కూర్చుని, ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో అనేవారు.

"పిడి తీసేస్తే సరిపోయింది చూశారా! అంత చిన్న పనికి ఆ పెద్దమనుషులకి అహం అడ్డొచ్చిందండీ."

ఇలా అనే మనిషి పెరట్లో ఏం చేశారో చెప్పాలి. ఆ పెరట్లో మా తాతయ్య తవ్వించిన బావి ఉంది. సముద్రం దగ్గర కాబట్టి మా వైపు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఈ ఒక్క బావిలోనే తియ్యటి నీళ్ళు పడ్డాయి. వీధి వీధంతా బిందెలు పట్టుకుని అక్కడికే వచ్చేది. మా ఇంటి పరువు మొత్తం ఆ బావిలోనే ఉందని చెప్పొచ్చు. మావయ్య చూపు మందగించిన కొత్తలో ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి, మరుగుదొడ్డి గొయ్యి నైరుతిలో ఉండడం వల్లే మీకు కళ్ళు కనపడడం లేదన్నాడు. బీరువా నిండా ఉన్న సైన్సు చరిత్ర చదివిన మా మావయ్య, కళ్ళ డాక్టరు మాట నమ్మనివారు, సిద్ధాంతి మాట నమ్మారు. గొయ్యి వాయవ్యానికి మార్పించారు. బావి ఈశాన్యంలో ఉంది. స్థలం సన్నం. రెంటికీ మధ్య ఆరు బారలు కూడా లేవు. కళ్ళు మాత్రం రాలేదు.

ఆ మరుసటి వేసవిలో వీధిలో మూడిళ్ళలో పచ్చకామెర్లు వచ్చాయి. మా ఊరు చూసే నర్సమ్మ ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ నీళ్ళు తాగారో నోటు పుస్తకంలో రాసుకుని, చివరికి మావయ్య దగ్గరికి వచ్చింది. ఆయన కూర్చోమనలేదు. పెరట్లో గొయ్యి చూసింది, బావి చూసింది, వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"సార్, ఆ బావి గిలక ఊడదీయించెయ్యండి. కొన్నాళ్ళు ఎవరూ తోడుకోకుండా ఉంటే చాలు. మిగతావాళ్ళకి నేను చెప్పుకుంటాను."

నా ఒళ్ళో ఉన్నది ఆ పుస్తకమే. పంపు పిడి అధ్యాయం ముందు రోజే చదివాను. మావయ్యకు ఎక్కడా తట్టలేదు.

"మా నాన్నగారు తవ్వించిన బావమ్మా అది. ఊరంతా ఉప్పునీళ్ళు తాగుతున్న రోజుల్లో మంచినీళ్ళిచ్చింది. నీ సర్వీసెంత?"

ఎనిమిదేళ్ళండీ అంది. ఆయన నవ్వారు. ఆ నవ్వు చాలు, ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. గాలి పడకపోతే కామెర్లు వస్తాయి, వీళ్ళకేం తెలుసు, అని ఆయన నాతో అన్నారు. సరిగ్గా లండన్ పెద్దమనుషుల మాట! తర్వాత యుద్ధం చదవమన్నారు. వేగులవాడి కబురు అధ్యాయం చదివాను. మంచి ఉచ్చారణతో చదివాను.

నేనెందుకు నోరు మెదపలేదంటే, గుడివాడలో ఆయన పనిచేసిన కాలేజీలో చరిత్ర పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఆయన ఉత్తరం రాస్తానన్నారు, ఇంకా రాయలేదు. అప్పటికి వారం కిందటే మా అక్క తొలికాన్పుకు ఘంటసాల నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. మేమూ ఆ బావి నీళ్ళే తాగేవాళ్ళం. ఇంట్లోనైనా కాచుకు తాగుదామని అమ్మతో అనొచ్చు. అంటే ఆ మాట గోడ దాటి మావయ్య చెవిన పడుతుంది. అనలేదు. వారంలో ఆయన ఆ ఉత్తరం రాయించి పంపారు.

నెల తిరిగేసరికి అక్క కళ్ళు పచ్చబడ్డాయి. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడు రోజులు తెలివి లేకుండా పడి ఉంది. బిడ్డ నెలలు నిండకుండానే చనిపోయి పుట్టింది. అక్క దక్కింది. అక్కడి డాక్టరు కూడా ఏ నీళ్ళు తాగారనే అడిగాడు.

బట్టల కోసం ఊరికి వచ్చినవాణ్ణి తిన్నగా మావయ్య పెరట్లోకి వెళ్ళి గిలక ఊడదీశాను. పావుగంట పట్టలేదు. చప్పుడు విని ఏంట్రా అని మంచం మీంచి అడిగారు. గిలక తీస్తున్నానన్నాను. నూనె వెయ్యడానికా, అన్నారు. గిలక గట్టున పడేసి, బట్టలు తీసుకుని బందరు బయల్దేరాను.

తర్వాత ఆ గొయ్యి పూడ్చారు. నర్సమ్మ మాట విని కాదు, వేరే సిద్ధాంతి వచ్చి మొదటి సిద్ధాంతికి ఏమీ రాదన్నాడు. నా ఉద్యోగం నాకు వచ్చింది. మావయ్య పోయాక బీరువాలు గుడివాడలో మా ఇంటికి చేరాయి. ఆయన్ని వెక్కిరిస్తూ ఈ సంగతులు నా స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో. చదువుకున్న మూర్ఖుడు ఎలా ఉంటాడో చెప్పడానికి నాకు అంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. గిలక దాకా చెప్పి, నూనె దగ్గర ఆపేసేవాణ్ణి. అక్క సంగతి అందులో ఉండేది కాదు.

రెండువేల పది ప్రాంతంలో ఒకసారి సెలవులకు అక్క తన కూతుర్ని తీసుకుని గుడివాడ వచ్చింది. తర్వాత పుట్టిన పాప, అప్పటికి ఏడో తరగతి. బీరువాలోంచి ఏదైనా కథ చెప్పమంటే, ఆ కలరా పుస్తకం తీసి పంపు పిడి కథ చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న అక్క చేతులు ఆగిపోయాయి.

"నర్సమ్మ వచ్చిన నాటికి ఈ కథ నీకు తెలుసా?" అని అడిగింది.

తెలుసన్నాను. చాలాసార్లు చదివానన్నాను. మావయ్యకు చెవిలో ఇల్లు కట్టుకుని చదివినా తట్టలేదని, ఎంత చదివినా ఆయనంతేనని, అలవాటైన నవ్వు ఒకటి నవ్వాను.

అక్క నవ్వలేదు. చేటలో బియ్యం వైపే చూస్తూ అంది.

"మావయ్యకి కళ్ళు కనపడేవి కాదు. చదివింది నువ్వు కదరా."