నేను వేయనన్న ఎర్రచందనం రంగు

సునీత అనే అమ్మాయి జుట్టు పాడుచేసింది నేనని సెలూన్ కార్డు మీద రాశారు. ఆ రోజు ఆ జుట్టుకు రంగు వేసింది నేను కాదు. వేయనని చెప్పింది నేను.

1998 చివర్లో సిడ్నీ పశ్చిమాన, బ్లాక్‌టౌన్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక లేడీస్ సెలూన్‌లో కలర్ అసిస్టెంటుగా చేరాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు కడపలో సొంత సెలూన్ నడిపాను. నా భార్య నూర్జహాన్ నర్సు. ఆమె వీసా మీద వచ్చినవాణ్ణి నేను. ఆ రోజుల్లో ఫంక్షన్లలో ప్రతి ఒక్కరూ "మీరు ఏ ప్లాట్‌ఫారం అన్నా?" అని అడిగేవాళ్ళు. కంప్యూటర్లలో మెయిన్‌ఫ్రేమా, ఒరాకిలా అని వాళ్ళ ఉద్దేశం. "బ్లాక్‌టౌన్, రెండో ప్లాట్‌ఫారం" అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. తర్వాత ఏం పని చేస్తానో చెబితే నవ్వు తగ్గేది.

సెలూన్‌లో హోదాలుంటాయి. అడుగున బేసిన్ దగ్గర తలలు కడిగేవాళ్ళు. వాళ్ళ పైన అసిస్టెంట్లు, ఆపైన స్టైలిస్టులు, అందరి మీదా సీనియర్ కలరిస్టు. అసిస్టెంటు రంగు కలపవచ్చు, వేయవచ్చు, కానీ ఏ రంగు వేయాలన్న మాట పైవాళ్ళది. మా సీనియర్ కలరిస్టు డారెన్. చెయ్యి మంచిదే, అబద్ధమాడను. కాకపోతే చదవడు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. రంగు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలనూ, కంపెనీవాళ్ళ టెక్నికల్ పుస్తకాలనూ డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పెట్టి చదివాను. నాకు గురువంటూ ఎవరూ లేరు. అందుకే ట్రేడ్ టెస్టు నాకు అంత అవసరం. కాలేజీలో చదవనివాళ్ళు ఆ పరీక్ష పాసైతే పూర్తి కలరిస్టుగా గుర్తిస్తారు. దానికి కూర్చోవాలంటే మూడేళ్ళు రంగు పని చేసినట్టు యజమాని ఉత్తరం రాసివ్వాలి. మా యజమాని రీటా. ఆమె రాసే ఆ ఒక్క కాగితం కోసమే నేను అక్కడ పనిచేశాను.

2000 వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై టూ కె పనుల మీద వచ్చిన తెలుగు అమ్మాయిలు కొందరు, తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడని తెలిసి మా సెలూన్‌కు రావడం మొదలుపెట్టారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే రంగు. ఎరుపు కలిసిన గోధుమరంగు. నీడలో నల్లగా, ఎండలోకి వస్తే ఎర్రగా మెరవాలి. షేడ్ కార్డులో దానికి మహాగని అని పేరు. నేను ఎర్రచందనం అనేవాణ్ణి. మా కడప వైపు దుంగ కోస్తే లోపల కనిపించే రంగు అదే.

ఈ రంగు ఎంచుకోవడం అనుకున్నంత తేలిక కాదు. షేడ్ నంబరులో చుక్కకు ముందున్న అంకె లోతును చెబుతుంది: ఒకటి అంటే నలుపు, పది అంటే బాగా లేత. చుక్క తర్వాతవి ఛాయను చెబుతాయి. ఐదు అంటే మహాగని, ఆరు అంటే ఎరుపు. మన జుట్టు సాధారణంగా రెండు దగ్గర ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఏడుకో ఎనిమిదికో లేపితే లోపలి నారింజ రంగు బయటికొచ్చి రాగి చెంబులా అవుతుంది. నాలుగైదు దగ్గర ఆపాలి. చామనఛాయ ముఖానికి ఉత్త ఎరుపు కొట్టినట్టుంటుంది, మహాగనిలో ఉండే కొంచెం ఊదా దాన్ని అణుస్తుంది. నెత్తి వేడికి కుదుళ్ళ దగ్గర రంగు త్వరగా పడుతుంది కాబట్టి మొదటిసారి వేసేటప్పుడు ముందు జుట్టు పొడవుకు వేసి, కుదుళ్ళు చివరన వేయాలి. దీన్ని తలకిందులు చేసినవాళ్ళ పని దూరం నుంచే తెలుస్తుంది. కుదుళ్ళు దీపాల్లా వెలుగుతుంటాయి.

సునీత ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసే కాంట్రాక్టు మీద పనిచేసేది. గుంటూరు పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళకే పాపిట పక్కన తెల్లబడింది. 1999 మొదట్లో నా దగ్గరికి వచ్చి, "అంకుల్, ఆఫీసులో అందరూ నన్ను మేనేజర్ అనుకుంటున్నారు. జీతం మాత్రం అలా లేదు" అంది. చెవి వెనక పరీక్ష పెట్టి, రెండు రోజులు ఆగి, ఐదు పాయింట్ ఐదు ఆరు వేశాను. తెల్లవెంట్రుకలకు వట్టి ఎరుపు పట్టదు, గులాబీగా తేలుతుంది. అందుకని మూడోవంతు మామూలు గోధుమరంగు కలిపాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత, "ఇది ఎవరండీ" అంది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెచ్చుకోళ్ళలో దాన్ని మించినది లేదు.

వేయడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం ఏడాది పొడుగునా పని. ఎరుపు అన్నిటికంటే ముందు కారిపోయే రంగు. మూడు రోజులదాకా తల తడపకూడదు. తర్వాత వారానికి రెండు సార్లే, గోరువెచ్చని నీళ్ళతో. ఆదివారం నూనె పట్టించి కుంకుడురసంతో తలంటుకుంటే మాత్రం నెల రంగు ఒక పూటలో పోతుంది. నూనె వదిలించడానికి రుద్దే రుద్దుడు దాన్నీ వదిలిస్తుంది. ఈత కొలనుకు వెళ్ళేముందు మంచినీళ్ళతో తడుపుకోవాలి. ఐదారు వారాలకు కుదుళ్ళకు మాత్రమే మళ్ళీ వేసి, చివరి ఐదు నిమిషాలూ కింది జుట్టుకు, పర్మినెంట్ రంగులో కలిపే పెరాక్సైడ్ మందు లేని రంగునీళ్ళు పట్టించాలి. సునీత ఇవన్నీ పాటించింది. ఆమె కార్డు మీద ప్రతిసారీ ఏం కలిపామో, ఎంతసేపు ఉంచామో, ఎవరు వేశారో నా చేతిరాతలోనే ఉండేది.

అక్టోబరులో వాళ్ళమ్మ అనసూయమ్మ గారు కూతుర్ని చూడటానికి వచ్చారు. ఒక శనివారం ఇద్దరూ కలిసి సెలూన్‌కు వచ్చారు. సునీత జుట్టు చూశాను. నలుపు కాదు, ఎరుపు కాదు, బూడిద పట్టిన ఇత్తడిలా ఉంది. పట్టుకుంటే కొబ్బరిపీచు.

"తలకు ఏం పెట్టినారు మ్మా?" అన్నాను.

సునీత వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమె ఏమాత్రం తగ్గకుండా, "గోరింటాకే నాయనా. ఎండకి మాడిపోయినట్టు ఆ ఎర్రజుట్టేమిటే అని నేనే పెట్టాను. ఊరి నుంచి నల్ల గోరింటాకు పొడి తెచ్చా. మీ మందుల్లాంటిది కాదు, చలవ చేస్తుంది" అన్నారు.

"అమ్మా, ఆకు ఎర్రగా పండుతుంది. నల్లగా పండే ఆకు ఏ చెట్టుకూ లేదు" అన్నాను.

"మరి నా జుట్టు చూడు" అని కొప్పు నా వైపు తిప్పారు. నిజమే, నిగనిగలాడుతోంది. ఆమె తలకు పెరాక్సైడ్ ఎప్పుడూ తగల్లేదు, అదీ తేడా.

వట్టి గోరింటాకు మీద రంగు వేస్తే ప్రమాదమేమీ లేదు. కాని నల్ల పొడుల్లో కొన్నిట్లో లోహపు లవణాలు కలుపుతారు. అవి వెంట్రుకకు పూతలా అంటుకుంటాయి. దాని మీద పెరాక్సైడ్ పడితే వేడి పుడుతుంది, వెంట్రుక ఉడుకుతుంది. మనవాళ్ళకు ఆకు అంటే మందు కిందికి రాదు, దాని మీద ఏమైనా వేయవచ్చని నమ్మకం. అందుకే నేను అందరినీ తలకు ఏం పెట్టారని ముందే అడిగేవాణ్ణి. చెవి వెనక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి, గాజుగిన్నెలో పెరాక్సైడ్ పోసి, కొన్ని చుక్కల అమ్మోనియా వేసి అందులో ముంచాను. అరగంట చూడాలని పుస్తకం చెబుతుంది. పది నిమిషాలకే గిన్నె వెచ్చబడింది, బుడగలు లేచాయి. వెంట్రుక తీసి లాగితే జీడిపాకంలా సాగి తెగింది.

సునీతతో ఈ రోజు రంగు వేయనని చెప్పాను. పెరాక్సైడ్ లేని రంగునీళ్ళు పట్టిస్తాను, మూడు నాలుగు వాషులు నిలుస్తుంది, పూత పట్టిన జుట్టు నెలనెలా కొంచెం కత్తిరించుకుంటూ పోదాం అన్నాను.

"అంకుల్, మంగళవారం ఇంటర్వ్యూ. పర్మినెంట్ పోస్టు. జనవరి దాటితే మా కాంట్రాక్టులన్నీ అయిపోతాయి. ఇలా వెళ్ళమంటారా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

గిన్నె తీసుకెళ్ళి రీటాకు చూపించాను. ఆమె ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో అపాయింట్‌మెంట్ పుస్తకం పట్టుకుని ఉంది. అసిస్టెంట్లు కస్టమరును కాదనకూడదని చెప్పింది. డారెన్ వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "హెన్నా అంటే ఆకే కదా బాష్, సలాడ్ చూసి భయపడతావేంటి" అన్నాడు. అందరూ నవ్వారు. నా పూర్తి పేరు మహబూబ్ బాషా. వాళ్ళకు బాష్. నాకు వచ్చిన ఇంగ్లీషులో లోహం, లవణం, వేడి అని మూడు మాటలూ చెప్పాను. డారెన్ అప్పటికే చేతికి గ్లవుజులు తొడుగుతున్నాడు.

మామూలుకంటే బలమైన పెరాక్సైడ్‌తో వేశాడు. నేను పక్క కుర్చీ దగ్గర నిలబడి చూస్తున్నాను. పన్నెండు నిమిషాలకు సునీత "మండుతోంది" అంది. డారెన్ కొంచెం అలాగే ఉంటుందన్నాడు. అంతలో తల మీంచి ఆవిరి లేచింది. నేనే చెయ్యి పట్టుకుని బేసిన్ దగ్గరికి లాక్కెళ్ళాను. చన్నీళ్ళు పోస్తుంటే మెడ వెనక జుట్టు గుప్పెళ్ళుగా నా చేతిలోకి వచ్చేసింది. మిగిలింది పాచి రంగులో ఉంది. అదృష్టం, నెత్తి కాలలేదు. చెవుల దాకా కత్తిరించక తప్పలేదు.

అనసూయమ్మ గారు బేసిన్ల మధ్య నిలబడి ఏడుస్తూ డారెన్ మీద అరిచారు. "ఆ బాషా గారు వద్దు వద్దంటూనే ఉన్నాడు గదరా! ఆ గిన్నె కూడా చూపించాడు గదరా! నీకు కళ్ళు లేవూ?" అదంతా తెలుగులో. ఆ గదిలో నా తరఫున సాక్ష్యం చెప్పిన ఒకే ఒక్క మనిషి మాట నాకూ సునీతకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు. సునీత తల తుడుచుకుంటోంది. ఆ స్థితిలో ఆమెను అనువాదం చేయమని అడగడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం కార్డు చూశాను. వేసినవారు అన్న గడిలో రీటా రాతలో నా పేరుంది. కింద, "జుట్టు పరీక్షించలేదు" అని ఉంది. అడిగితే, బీరువా తాళం వేస్తూ, తర్వాత మాట్లాడదాం అంది. ఆది, సోమ సెలవులయ్యాక మంగళవారం వెళ్ళేసరికి నన్ను బేసిన్‌కు మార్చారు. పదకొండు నెలలు తలలు కడిగాను. మానేస్తూ, అప్పటిదాకా చేసిన రంగు పనికైనా ఉత్తరం ఇమ్మంటే "షాంపూ పని, నమ్మకస్థుడు" అని రాసిచ్చింది. ట్రేడ్ టెస్టువాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా తిప్పి పంపారు.

సునీత పొట్టిజుట్టుతోనే ఇంటర్వ్యూకు వెళ్ళింది, ఉద్యోగం వచ్చింది, మెల్‌బోర్న్ వెళ్ళిపోయింది. ఫోన్ చేసి చెప్పింది. జరిగింది రాసివ్వమ్మా అని అడిగితే, "వదిలెయ్యండి అంకుల్, తలచుకుంటేనే భయమేస్తుంది" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. జుట్టు పోయింది ఆమెది.

సిడ్నీలోనే పెండిల్ హిల్‌లో మనవాళ్ళ పార్లర్‌లో చేరి మూడేళ్ళ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. యాభై దగ్గరపడ్డాక టెస్టు పాసయ్యాను. తర్వాత పదిహేనేళ్ళు కలరిస్టుగానే చేశాను. నాకంటే చిన్నవాళ్ళు ఎందరో నా దగ్గర ఎర్రచందనం కలపడం నేర్చుకుని వెళ్ళారు. నల్ల పొడి తలలు ఏడాదికి రెండు మూడు వచ్చేవి. ఒక్కదానికీ పెరాక్సైడ్ తగలనివ్వలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. పరీక్ష చేస్తే చాలదు, వద్దని నోటితో అంటే చాలదు. ఏం చూశావో, ఏం కాదన్నావో, ఎవరితో చెప్పావో ఆ క్షణాన్నే కార్డు మీద నీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే గిన్నె కడగాలి. నేను ఆ రోజు ముందు గిన్నె కడిగాను. అది నా తప్పు. మిగతాది నాది కాదు.

రీటాకు మధ్యమధ్య ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. డబ్బు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. కార్డు మీద నా పేరు ఎందుకు రాశావని మాత్రమే అడిగాను. నాలుగింటికి జవాబు లేదు. సెలూన్ మూసేసిందని తెలిసి ఐదోది ఆమె ఇంటికి రాశాను. మూడు వారాలకు కవరు వచ్చింది. ఆమె ఇంగ్లీషులో రాసినదాన్ని ఒక్క మాటా మార్చకుండా తెలుగు చేస్తున్నాను:

"బాష్, ఆ రోజు రంగు ఎవరు వేశారో నాకు తెలుసు. డారెన్ పేరు రాస్తే వాడు తన కస్టమర్లందరినీ తీసుకుని ఎదురు సెలూన్‌కు వెళ్ళిపోయేవాడు. నీ పేరు రాస్తే నువ్వు మంగళవారం మామూలుగా పనికి వస్తావని తెలుసు. వచ్చావు. రీటా."