బర్చల్ వారి గులాబి

ఎర్మీన్ బర్చల్ ఉత్త మొండిఘటం. నలభై ఏళ్లు హోటల్లో దుప్పట్లు ఉతికింది. పెళ్లీ పెటాకులూ లేవు. తల్లి వదిలి వెళ్లిన సున్నపురాతి ఇల్లూ, పెరట్లో గోడవార ఒక గులాబి పొదా ఆమె లోకం. గుత్తులు గుత్తులుగా చొక్కా గుండీలంత పూలు. దాని అసలు పేరు ఎవరికీ తెలీదు. ఆమె ఉండే బెర్ముడా దీవిలో పేరు పోయిన గులాబికి అది బతికిన ఇంటివాళ్ల పేరే పెడతారు.

అక్కడ కొమ్మ అడిగితే ఎవరూ కాదనరు. ఏ తుఫానుకు ఎవరి పెరడు పోతుందో, అప్పుడు ఇచ్చిన కొమ్మే మళ్లీ అక్కరకొస్తుంది! ఎర్మీన్ తల్లి కూడా పొరుగింటి ఆలివ్ ట్రాట్‌కు ఒక కొమ్మ ఇచ్చింది. తల్లి పోయిన ఏడాది ఆలివ్ ఆ పూలను పూల పోటీకి తీసుకెళ్లింది. అక్కడి చీటీ మీద ‘ట్రాట్ వారి గులాబి’ అని ఉంది. ఇంకేముంది!

"మా అమ్మ పేరు చెరిపేస్తావటే? పీకెయ్, నా కళ్లముందే పీకెయ్!"

ఆలివ్ ఏడుస్తూ పీకింది. తర్వాత పద్దెనిమిదేళ్లు ఎర్మీన్ ఎవరికీ పుల్లముక్క కూడా ఇవ్వలేదు.

మొన్న సెప్టెంబరు తుఫానుకు ముందు ఊరంతా వాననీళ్లు తొట్టిలోకి దింపే ఇంటికప్పు గొట్టాల్లో గుడ్డలు కుక్కారు. లేకపోతే గాలి మోసుకొచ్చే సముద్రపు జల్లు ఇంటి కిందున్న తాగునీటి తొట్టిలో కలుస్తుంది. ఎర్మీన్ మాత్రం పొదకు గోనెలు కడుతూ గొట్టాల మాటే మరిచిపోయింది.

తెల్లారేసరికి గోనెలు ఎగిరిపోయాయి గానీ పొద నిలబడే ఉంది. ఆకుల నిండా ఉప్పు. కడగకపోతే మాడిపోతుందని తొట్టిలోంచి తోడి ముప్పై బకెట్లు పోసింది. నడుం పట్టేసి, టీ పెట్టుకుని ఒక గుక్క తాగింది. ఉప్పు కషాయం!

"అయ్యో, నా చేతులు విరిగిపోనూ!"

రెండు వారాల్లో ఆకులన్నీ రాలాయి, కొమ్మలు నల్లబడ్డాయి. ఎర్మీన్ సిగ్గు విడిచి ఆలివ్ తలుపు కొట్టింది.

"నువ్వు పీకిన పొద వేరుముక్కైనా మిగిలిందేమో చూడవే. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎక్కడిదక్కా? మళ్లీ మొలుస్తుందని గునపం పెట్టి తవ్వించావుగా!" అంది ఆలివ్. "ఆ చీటీ నేను రాయలేదు. తెచ్చినవాళ్ల పేరు పోటీవాళ్లే రాసుకుంటారు. చెప్పబోతే విన్నావా?" అంది.

ఎర్మీన్ ఆమె చెయ్యి పట్టుకుని తన పెరట్లోని పొద దగ్గరికి తీసుకెళ్లింది.

ఇద్దరూ కాస్తో కూస్తో పచ్చగా కనబడ్డ ఏడు పుల్లలు కోసి, ఆలివ్ పెరట్లో నాటి, తేమ ఆరకుండా గాజుసీసాలు బోర్లించారు. ఆలివ్ రోజూ తన తాగునీళ్లే పోసింది. డిసెంబరు వచ్చినా ఒక్కటీ చిగురించలేదు.

"ఇంకొన్నాళ్లు చూద్దామక్కా."

"ఎండుపుల్లలకు నీళ్లు దండగే, ఆలివ్," అంది ఎర్మీన్ సీసాలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతూ. "ఇక బర్చల్ అంటే నేనొక్కదాన్నే. నేనూ పోతే ఆ పేరు మోయడానికి పువ్వు కూడా లేదు."