పత్తిపువ్వుకు కాయితం సంచి

మొన్న పక్కింటోళ్లు జామకాయలకు కాయితం సంచులు కడుతాంటే నాకు పాత కోపం లేచింది. చిన్నప్పుడు మా అవ్వ ఒక సారు చేన్ల కూలికి పోయేది. ఆ సారు కొత్త పత్తి విత్తనం పుట్టియ్యాలని పరిశోధన చేసేటోడు. పొద్దుగూకంగ అవ్వ పువ్వులకు కాయితం సంచులు తొడిగేది. పువ్వులు ఊపిరాడక సచ్చిపోతయేమోనని, ఒకనాడు పొద్దుగాల్నే పోయి నేను వరుసంత ఇప్పేసిన.

"ఏడాది కష్టం పాడుజేసింది నీ బిడ్డ. రేపటిసంది పనికి రాకు," అన్నడు సారు.

"ఎందుకిప్పినవే?" అనుకుంట అవ్వ నన్ను కొట్టింది.

"ఎందుకు కడతరవ్వా?" అన్న.

అవ్వ చెయ్యి ఆగింది. "నాకేమెరుక?" అన్నది.

మా ఆయన సచ్చేదాక పత్తే పండించిండు, ఆయనకూ తెల్వకపాయె. తేనెటీగలు వేరే పువ్వు పుప్పొడి తెచ్చి అంటియ్యొద్దని కడతరట. నిన్న కాలేజీల చదివే మనుమరాలు చెప్పింది. గింతే ముచ్చట. సారు ఆనాడే అవ్వకు చెప్తే, అవ్వ నాకు చెప్పకపోవునా?