పెద్దాయన ముఖం

టైలరమ్మకు ఉన్నచోట కాలు నిలవదు. మిషను ముందు కూర్చున్నా, పొయ్యి దగ్గర నిలబడ్డా అన్నీ చిటికెలో అయిపోవాలి. అలాంటి మనిషి నీళ్లలో దిగి చేపల ఫోటోలు తీస్తానంటే మరిది పడీ పడీ నవ్వాడు.

నిజానికి నవ్వే సంగతి కాదు. ఆమె భర్త వచ్చిపోయేవాళ్లకు సముద్రంలో పగడపు దిబ్బ చూపించి బతికినవాడు. మొన్నామధ్య చెవిలో పొర చిరిగింది. ఇక మునిగితే వినికిడి పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఆయన ఒడ్డుకు వెళ్లడమే మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నోరు విప్పితే ఒకటే మాట: "పెద్దాయన ఉన్నాడంటావా?" పెద్దాయనంటే దిబ్బ కింద గుహలో ఉండే మచ్చల చేప. దళసరి పెదాలు, చిరిగిన రెక్క. ఆయనకూ ఆ చేపకూ ఏళ్లనాటి స్నేహం. ఆ ముఖాన్ని ఫోటో తీసి భర్తకు చూపించాలనుకుంది ఆమె.

అందుకే ఆయన చిన్న కెమెరాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టుకుని మరిది పడవెక్కింది. ఈత, మునక ఎప్పుడో ఆయన నేర్పినవే. తీరా చూస్తే ఫోటోల్లో పడ్డవన్నీ తోకలు, అవీ నీలం మసకలో.

"తోకలతో దండ గుచ్చుతావా ఏంటి?" అని ఆయన చాన్నాళ్లకు నవ్వాడు. ఆమెకు ఒళ్లూ మండింది, సంతోషమూ వేసింది.

"తీసేలోపే పారిపోతుంటే నన్నేం చెయ్యమంటారండీ?"

"వెంటపడితే ఎవడాగుతాడే? దూరం నుంచి జూమ్ చెయ్యకు, మధ్యలో నీళ్లే పడతాయి. ఇసుక దాకా దిగి కదలకుండా ఉండు. నువ్వెవరో చూద్దామని వాడే వస్తాడు."

కదలకుండా ఉండడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చేసిన పని కాదు. వెళ్లిన ప్రతిసారీ చెయ్యి ఆగక ముందే నొక్కేది, మళ్లీ తోకే. చివరికి ఒక ఉదయం ఊపిరి బిగబట్టి దిగి, ఇసుకలో మోకాళ్లూని, కెమెరా గుండెలకు ఆనించి ఊరుకుంది. ముందు చిన్న చేపలు వచ్చాయి. తర్వాత గుహలోంచి దళసరి పెదాలు. అప్పుడూ నొక్కలేదు. ఛాతీ పగిలిపోతుందేమో అనిపించినా నొక్కలేదు. ఆ ముఖం ఎదురుగా వచ్చి నిలిచాకే నొక్కింది.

తడిబట్టలతోనే ఇంటికి పరిగెత్తి ఫోటో చూపించింది. ఆయన కెమెరాను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"చిక్కిపోయాడు," అన్నాడు. ఆమె భోరున ఏడ్చేసింది.

మర్నాడు పడవ దగ్గరికి వెళ్లేసరికి ఆయన అందులో కూర్చుని ఉన్నాడు, చెవులకు తువ్వాలు చుట్టుకుని.

"నాకేం తెలీదు వదినా, అన్నయ్యే ఎక్కాడు," అన్నాడు మరిది.

ఆయన ఆమె వైపు చూడకుండా కెమెరా డబ్బా బిగించి చేతికిచ్చాడు.

"నేను మునగనులే. నువ్వెళ్లి, నేను పైనే ఉన్నానని వాడితో చెప్పు."